కెప్టెన్‌కి చలి

వైజాగ్‌లో చలేంటని నవ్వుతారు లంబసింగి చూసొచ్చినవాళ్లు.
నిజమే, ఇక్కడ నీళ్లు గడ్డకట్టవు.
కానీ మార్గశిరంలో, రాత్రి మూడింటప్పుడు
యారాడ కొండ మీంచి దిగే గాలికి
చెంగల్రావుపేట రేకుల ఇళ్లలో ఏ సందు ఎక్కడుందో తెలుసు.

ఎల్లాజీ బోటెక్కే ముందు
పంజరం తెచ్చి నా మిషను పక్కన పెట్టాడు.
"పద్దెనిమిది రోజులక్కా. కెప్టెన్ని సూసుకో."
బూడిద రంగు కాకటీల్. పసుపు మొహం,
బుగ్గల మీద రెండు కుంకుమ బిళ్లలు,
నెత్తిన కుచ్చు. బెదిరితే లేస్తుంది, అలిగితే పడుకుంటుంది.
గింజలెన్నో చెప్పాడు, నీళ్లెప్పుడో చెప్పాడు,
చలి సంగతి చెప్పలేదు.
వాడికి గుర్తుండదు కాబోలు,
బోటులో వాడి పని ఐసు గదిలో.

మూడో రాత్రి చూశాను:
ఒంటికాలి మీద, నూనెలో వేసిన బూరెలా ఉబ్బి,
ముక్కు వీపులో దాచుకుని.
ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ మీదికీ,
అచ్చు నా మిషను పెడల్‌లా.

పూర్ణా మార్కెట్లో గింజలమ్మే మస్తాన్‌వలీ
ముందు ఒకటే అడిగాడు:
"రాత్రి దోమల చక్రం వెలిగిస్తావా?"
వెలిగించకపోతే మేం బతకాలా అన్నాను.
"వెలిగిస్తే అది బతకదు."

ఆ రాత్రి నుంచీ నా కాళ్లు దోమలకి రాసిచ్చేశాను.
లక్ష్మివారం కనకమాలక్ష్మికి చెప్పుకున్నాను,
తల్లీ, ఈ నెల సాంబ్రాణి లేకుండా సర్దుకోమని.

ఇనప కడ్డీ తీసి జామకొమ్మ పెట్టాను,
ఇనుము పాదాల్లోంచి వేడి తాగేస్తుంది.
పంజరాన్ని కిటికీ దగ్గర్నుంచి లోపలి గోడకి మార్చాను,
పొయ్యికి దూరంగా.
మిగుల్ముక్కలతో తొడుగు కుట్టాను:
మునిసిపల్ స్కూలు నీలం, ఎవరిదో పెళ్లి జాకెట్టు లైనింగు,
పోర్టు ఖలాసీ ఖాకీ.
మూడు వైపులా కప్పాలి, నాలుగోది గాలికి వదలాలి.
చాలామంది నాలుగూ మూసేస్తారట,
ప్రేమ ఎక్కువై.

తెరిచిన వైపు, బయట, జానెడు దూరంలో
నలభై వాట్ల బల్బు. సగం పంజరానికే తగలాలి,
వేడెక్కువైతే జరగడానికి దానికో చోటుండాలిగా.
పొద్దున గోరువెచ్చటి నీళ్లు,
రెండు పొద్దుతిరుగుడు గింజలు ఎక్కువ.
స్నానం మధ్యాహ్నమే, ఎండ మెట్లెక్కి వచ్చాక.

పదకొండో రాత్రి అల్పపీడనం. కరెంటు పోయింది.
చీకట్లో దాని ఊపిరి వినపడలేదు.
బ్రాందీ సీసా ఒకటి కడిగి
(మా ఆయన మిగిల్చిన ఆస్తి)
వేడినీళ్లు పోసి, మేజోడు తొడిగి, పంజరానికి ఆనించాను.
గంటకోసారి నీళ్లు మార్చాను.
లైట్‌హౌస్ వెలుగు గోడ మీంచి పాకినప్పుడల్లా
కుచ్చు కనిపించేది, మళ్లీ లేకుండా పోయేది.
అటు నీళ్ల మీదా ఇదే వెలుగు పడుతుంటుంది కదా
అనుకున్నాను. ఎందుకనుకున్నానో.
వాడు నాకేమీ కాడు. అద్దె గోడకి అవతలివాడు.

తెల్లారి అది టకటకటక అంది.
మిషను చప్పుడు! పది రోజులు విని పట్టేసింది.
నీళ్లకెళ్తున్న అప్పలనరసమ్మ గుమ్మంలో ఆగి
"ఇంత పొద్దున్నే ఎవరి జాకెట్టమ్మా" అంది.
నేనింకా సీసా ఒళ్లో పెట్టుకునే ఉన్నాను.

పద్దెనిమిదన్నవాడు ఇరవై రెండుకి వచ్చాడు.
ఒంటి నిండా డీజిలు వాసన. వేళ్ల కణుపులు
ఐసుకి పగిలి తెల్లగా ఉన్నాయి.
పంజరం ముందు గొంతుక్కూర్చుని ఈలేశాడు.
కెప్టెన్ కుచ్చు లేపి, వాణ్ణి కాసేపు పరికించి,
టకటకటక అంది.
"ఇదేటక్కా, దీన్ని కూడా పనిలో ఎట్టీసినావా!"
నవ్వుతూనే గోడకి జారబడి
చొక్కా అయినా మార్చకుండా నిద్రపోయాడు,
గడ్డం గుండెల్లో దాచుకుని.

బల్బుని ఓ జానెడు ఇటు జరిపాను.
తలుపు ఓరగా వదిలేశాను, గాలికి.